కాయిల్‌ఓవర్ ఎంపిక: కారు ఎంత దిగుతుందన్నది కాదు, ఎంత ట్రావెల్ మిగులుతుందన్నది చూడండి

పెర్ఫార్మెన్స్ కారుకు కాయిల్‌ఓవర్ సస్పెన్షన్ (ఎత్తు సరిచేసుకునే వీలున్న స్ప్రింగు, డ్యాంపర్ల జత) వేయించాలనుకునేవారిలో చాలామంది ముందుగా అడిగే ప్రశ్నలు రెండు: కారు ఎంత కిందికి దిగుతుంది, డ్యాంపర్‌కు (స్ప్రింగు ఊగడాన్ని అణిచే షాక్ అబ్జార్బర్‌కు) ఎన్ని క్లిక్‌లు, అంటే గట్టిదనం మార్చే నాబ్‌కు ఎన్ని మెట్లు ఉన్నాయి. నా దృష్టిలో ఈ రెండూ చివరన అడగవలసినవి. కారు దిగిన తర్వాత చక్రం పైకి కదలడానికి ఇంకా ఎంత చోటు (ట్రావెల్) మిగులుతుంది, ఆ కాస్త చోటులోనే కారు బరువును నిలువరించగల స్ప్రింగు ఆ కిట్‌లో ఉందా, ఆ స్ప్రింగును అదుపులో పెట్టగల డ్యాంపర్ దానికి జతగా ఉందా అన్నవి ముందు తేల్చుకోవాలి. ఈ మూడూ ఒకదానికొకటి కుదిరిన కిట్‌కు ఒక్క నాబ్ కూడా లేకపోయినా కారు చక్కగా నడుస్తుంది. కుదరని కిట్‌కు ముప్పై క్లిక్‌లు ఉన్నా అవి ఆ లోపాన్ని సరిదిద్దలేవు.

అసలు కాయిల్‌ఓవర్ అవసరమా?

రోడ్డు మీద ఉత్సాహంగా నడపడం, అప్పుడప్పుడు ట్రాక్‌కు వెళ్లడం మాత్రమే ఉద్దేశమైతే కాయిల్‌ఓవర్ కంటే తక్కువ ఖర్చుతో పని జరిగే మార్గాలు రెండు ఉన్నాయి. మొదటిది కంపెనీ డ్యాంపర్లను అలాగే ఉంచి, కొంచెం పొట్టిగా, కొంచెం గట్టిగా ఉండే స్ప్రింగులు మాత్రం మార్చడం. స్ప్రింగు గట్టిదనం పెరిగినప్పుడు డ్యాంపింగ్ అవసరం అంతే నిష్పత్తిలో పెరగదు, దాని వర్గమూలం నిష్పత్తిలో పెరుగుతుంది. అంటే స్ప్రింగు 25 శాతం గట్టిపడితే డ్యాంపింగ్ సుమారు 12 శాతం పెరిగితే చాలు కాబట్టి, మంచి స్థితిలో ఉన్న కంపెనీ డ్యాంపర్ ఆ తేడాను భరిస్తుంది. కారు చాలా కిలోమీటర్లు తిరిగి డ్యాంపర్లు అలసిపోయి ఉంటే మాత్రం ఈ మార్గం వద్దు.

రెండవది స్ప్రింగులూ డ్యాంపర్లూ జతగా రూపొందించిన సెట్. బిల్‌స్టైన్ బీ12 ఇలాంటిదే: పొట్టి స్ప్రింగుకు తగినట్టు కురచ చేసిన బిల్‌స్టైన్ డ్యాంపర్లు, ఐబాక్ స్ప్రింగులు ఒకే పెట్టెలో వస్తాయి. కోనీ పసుపు రంగు డ్యాంపర్లను మీకు నచ్చిన స్ప్రింగుతో జతచేయడం మరో పాత, నమ్మదగిన పద్ధతి. వీటిలో ఎత్తు మార్చుకునే వీలు సాధారణంగా ఉండదు. రోజూ నడిపే కారుకు అది పెద్ద లోటేమీ కాదు. ఎత్తును ఒకసారి నిర్ణయించుకున్నాక మళ్లీ మార్చేవారు బహు కొద్దిమంది.

కాయిల్‌ఓవర్ నిజంగా అవసరమయ్యేది మూడు సందర్భాల్లో. నాలుగు మూలల బరువులను, అంటే ఒక్కో చక్రం మీద పడే భారాన్ని, సరిచేసుకోవాలంటే కావాలి, స్ప్రింగు రేటును మీ టైర్లకూ ట్రాక్‌కూ తగినట్టు మార్చుకోవాలంటే కావాలి, క్యాంబర్ ప్లేట్లతో కలిపి ముందు చక్రాల వాలును గణనీయంగా మార్చాలంటే కావాలి. ఈ మూడింటిలో ఒక్కటీ మీకు వర్తించకపోతే, ఆ డబ్బు మంచి టైర్ల మీదా బ్రేకు ప్యాడ్ల మీదా పెట్టడం మేలని నిర్మొహమాటంగా చెబుతాను.

కంపెనీ నుంచే ఎలక్ట్రానిక్ డ్యాంపర్లతో వచ్చిన కారైతే మరో మాట. ఆ డ్యాంపర్లు తీసేసి మామూలువి బిగిస్తే కంట్రోల్ యూనిట్ లోపం చూపిస్తుంది. దాన్ని తప్పించే మాడ్యూల్ కిట్‌తో పాటు వస్తుందో లేదో కొనేముందే అడగాలి, లేదా కారు ఎలక్ట్రానిక్స్‌తో నేరుగా కలిసి పనిచేసే కిట్‌నే ఎంచుకోవాలి.

ట్రావెల్, స్ప్రింగు రేటు: ఎంపిక తేలేది ఇక్కడే

ఒక ఉదాహరణతో లెక్క చూద్దాం. ఒక ముందు చక్రం మీద స్ప్రింగు మోసే బరువు 350 కిలోలు అనుకుందాం, అంటే సుమారు 3,430 న్యూటన్లు. కారు నిలబడి ఉన్నప్పుడు బంప్ స్టాప్‌కు (సస్పెన్షన్ కదలికను చివరన ఆపే మెత్తటి దిమ్మెకు) తగిలేలోపు చక్రానికి 70 మిల్లీమీటర్ల ట్రావెల్ ఉందనీ, కంపెనీ డ్యాంపర్‌నే ఉంచి కారును 40 మిల్లీమీటర్లు దించామనీ అనుకుందాం. ఇక మిగిలేది 30 మిల్లీమీటర్లే. చక్రం దగ్గర గట్టిదనం మిల్లీమీటర్‌కు 30 న్యూటన్లు అయితే, 900 న్యూటన్ల అదనపు భారం పడగానే, అంటే నిలకడ బరువులో పావు వంతు పెరగగానే, ఆ మిగిలిన ట్రావెల్ అయిపోతుంది. గట్టిగా బ్రేకు వేసినా, మలుపులో బరువు బయటి చక్రం మీదికి వాలినా అంతకంటే ఎక్కువే పడుతుంది. బంప్ స్టాప్ తగిలిన క్షణంలో ఆ మూల గట్టిదనం అమాంతం పెరిగి, ముందు టైర్లు పట్టు తప్పి కారు మలుపు తిరగడం మానేస్తుంది. నడిపేవారికి మాత్రం అది స్ప్రింగు గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది, దాంతో ఇంకా మెత్తటి స్ప్రింగు వేయించి పరిస్థితిని మరింత చెడగొట్టుకుంటారు. అదే 30 మిల్లీమీటర్లలో గట్టిదనం మిల్లీమీటర్‌కు 60 న్యూటన్లు ఉంటే 1,800 న్యూటన్ల వరకూ నిలుస్తుంది. కారును ఎంత దించితే స్ప్రింగు అంత గట్టిపడక తప్పదు అనడానికి కారణం ఇదే. ఒళ్లు కాస్త పొట్టిగా చేసిన డ్యాంపర్లు ఉన్న కిట్‌లో ట్రావెల్ నష్టం తక్కువ కాబట్టి, కిట్ వివరాల్లో డ్యాంపర్ స్ట్రోక్ (షాఫ్ట్ కదలగల దూరం) ఎంతో తప్పకుండా వెతకండి. అది రాయని తయారీదారును అడిగి తెలుసుకోండి; సమాధానం రాకపోతే మరో కిట్ చూసుకోండి.

పెట్టె మీద రాసిన స్ప్రింగు రేటూ, చక్రం దగ్గర పనిచేసే గట్టిదనమూ ఒకటి కావన్నది గుర్తుంచుకోవాలి. చక్రం కదిలిన దూరంలో స్ప్రింగు ఎంత భాగం కదులుతుందో చెప్పే మోషన్ రేషియోను వర్గం చేసి స్ప్రింగు రేటుతో గుణిస్తే చక్రం దగ్గరి రేటు వస్తుంది. డ్యాంపరే చక్రాన్ని నిలబెట్టే మాక్‌ఫర్సన్ స్ట్రట్‌లో ఈ నిష్పత్తి 1కి చాలా దగ్గరగా ఉంటుంది. పైనా కిందా రెండు ఆర్మ్‌లు చక్రాన్ని పట్టి ఉంచే డబుల్ విష్‌బోన్‌లో 0.65 వంటి విలువలు సహజం. అందువల్ల మిల్లీమీటర్‌కు 80 న్యూటన్ల స్ప్రింగు, నిష్పత్తి 0.95 ఉన్న స్ట్రట్ మీద సుమారు 72గా పనిచేస్తే, 0.65 ఉన్న విష్‌బోన్ మీద సుమారు 34గానే పనిచేస్తుంది. మాజ్డా ఎంఎక్స్-5కు నప్పిన రేటును స్ట్రట్ ఉన్న హ్యాచ్‌బ్యాక్‌తో పోల్చి, ఇది గట్టిది అది మెత్తది అని తేల్చడంలో అర్థం లేదు. యూనిట్లలోనూ జాగ్రత్త అవసరం. జపాన్, తైవాన్ కిట్లు ఎక్కువగా కిలోల్లో, యూరప్ కిట్లు న్యూటన్లలో, అమెరికా స్ప్రింగులు పౌండ్లలో రాస్తాయి. మిల్లీమీటర్‌కు 1 కిలో అంటే మిల్లీమీటర్‌కు 9.8 న్యూటన్లు, అంగుళానికి 56 పౌండ్లు.

వేర్వేరు కార్లను న్యాయంగా పోల్చాలంటే సహజ పౌనఃపున్యం, అంటే కారు తన స్ప్రింగుల మీద సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో అది, ఉపయోగపడుతుంది. చక్రం దగ్గరి రేటును (మీటరుకు న్యూటన్లలో) ఆ మూల బరువుతో (కిలోల్లో) భాగించి, వర్గమూలం తీసి, 6.28తో భాగిస్తే హెర్ట్జ్‌లలో వస్తుంది. మన 350 కిలోల మూలకు మిల్లీమీటర్‌కు 40 న్యూటన్లు ఉంటే 1.7 హెర్ట్జ్, 80 ఉంటే 2.4 హెర్ట్జ్. మామూలు కార్లు 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. రోజూ నడుపుతూ అప్పుడప్పుడు ట్రాక్‌కు వెళ్లే కారుకు 1.6 నుంచి 2 వరకూ నేను సూచిస్తాను. 2 దాటితే గతుకుల రోడ్డు మీద ప్రయాణం నిజంగానే కష్టమవుతుంది, 2.5 వరకూ ట్రాక్ కోసమే ఉంచిన కార్ల సంగతి. అంతకు మించిన గట్టిదనం గాలి ఒత్తిడితో నేలకు అదిమే రెక్కలు ఉన్న రేసు కార్లకే అక్కరకొస్తుంది.

వెనక స్ప్రింగు విషయంలో ఒక పాత సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. రోల్స్ రాయిస్ నుంచి జనరల్ మోటార్స్‌కు వెళ్లిన ఇంజనీరు మోరిస్ ఆలీ 1930లలో, వెనక పౌనఃపున్యం ముందుకంటే కొంచెం ఎక్కువ ఉంటే గతుకు దాటిన తర్వాత కారు ముందుకూ వెనక్కూ ఊగకుండా త్వరగా సమంగా నిలుస్తుందని చూపించారు. 10 నుంచి 20 శాతం తేడా రోడ్డు కారుకు బాగుంటుంది. ట్రాక్ కారుకు మలుపులో సమతూకమే ముఖ్యం కాబట్టి ఈ నియమాన్ని పక్కన పెట్టవచ్చు.

ఇక ఎంత దించాలి? నా సలహా 20 నుంచి 30 మిల్లీమీటర్ల లోపు. మాక్‌ఫర్సన్ స్ట్రట్ కారును అంతకంటే దించితే, కారు గరిమనాభి దిగిన దానికంటే రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) ఎక్కువగా దిగిపోయి, రెంటి మధ్య దూరం పెరిగి, కారు మలుపులో ఒరిగే స్వభావం పెరుగుతుంది. స్టీరింగ్ కదలికను చక్రానికి చేరవేసే టై రాడ్ కోణం చెడిపోయి, గతుకు మీద చక్రం తనంతట తానే పక్కకు తిరుగుతుంది. వీటిని సరిచేసే పొడుగు పిన్ను బాల్ జాయింట్లు కొన్ని కార్లకు దొరుకుతాయి గానీ, అవి వేయవలసినంత కిందికి దించకపోవడమే మంచి సస్పెన్షన్.

వెనక వైపు మరో చిక్కు ఉంది. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్, బీఎండబ్ల్యూ 3 సిరీస్ వంటి అనేక కార్లలో వెనక స్ప్రింగు ఒకచోట, డ్యాంపర్ మరోచోట ఉంటాయి. వాటికి వచ్చే కిట్లలో ఎక్కువ భాగం ఈ అమరికను అలాగే ఉంచి, స్ప్రింగు కింద ఎత్తు సరిచేసే కాలర్ మాత్రం ఇస్తాయి. స్ప్రింగును డ్యాంపర్ మీదికే తెచ్చే కిట్లూ దొరుకుతాయి. అయితే డ్యాంపర్ పై మౌంట్‌ను కారు బరువు మోయడానికి కంపెనీ రూపొందించలేదు కాబట్టి, దాన్ని బలపరచకుండా ఆ పని చేస్తే బాడీ రేకు చీలే ప్రమాదం ఉంది. రోడ్డు కారుకు విడివిడి అమరికే మంచిది.

డ్యాంపర్: గొట్టం లోపల ఏముంది, బయట ఎన్ని నాబ్‌లు

మోనోట్యూబ్ డ్యాంపర్‌లో ఒకే గొట్టం ఉంటుంది. తేలియాడే పిస్టన్ ఒకటి ఆయిల్‌నూ, అధిక పీడనంలో ఉన్న నైట్రోజన్‌నూ వేరుచేస్తుంది. ఆయిల్ నురుగు కట్టదు, వేడి నేరుగా బయటి గోడ ద్వారా పోతుంది, పిస్టన్ పెద్దది కాబట్టి చిన్న కదలికకు కూడా స్పందిస్తుంది. బిల్‌స్టైన్ 1957లో మెర్సిడెస్ బెంజ్ కార్లకు దీన్ని భారీ స్థాయిలో అందించడం మొదలుపెట్టింది. ట్విన్ ట్యూబ్‌లో గొట్టంలో గొట్టం ఉంటుంది. గ్యాస్ పీడనం తక్కువ కాబట్టి సీల్ రాపిడి తక్కువ. అదే పొడవులో ఎక్కువ స్ట్రోక్ ఇమిడిపోతుంది. రాయి తగిలి బయటి గొట్టం సొట్టపడినా లోపలి పిస్టన్ మామూలుగానే కదులుతుంది. కేడబ్ల్యూ తన రోడ్డు కిట్లను ట్విన్ ట్యూబ్‌తోనే చేసి మంచి పేరు తెచ్చుకుంది. కాబట్టి మోనోట్యూబ్ అన్నంత మాత్రాన మేలైనదని అనుకోనక్కరలేదు. ట్రాక్‌లో విరామం లేకుండా తిప్పేవారు మోనోట్యూబ్‌ను, గతుకుల రోడ్ల మీద ఎక్కువ తిరిగేవారు మంచి ట్విన్ ట్యూబ్‌ను ఎంచుకోవడం సబబు.

నాబ్‌ల విషయంలో నా అభిప్రాయం స్పష్టం. బిల్‌స్టైన్ బీ14, కేడబ్ల్యూ వేరియంట్ 1 వంటి కిట్లలో డ్యాంపింగ్ స్థిరంగా ఉంటుంది. ఆ కారు మీదే పరీక్షించి నిర్ణయించిన వాల్వు అమరిక అది. స్ప్రింగు మార్చే ఉద్దేశం లేని కొనుగోలుదారుకు ఇదే అత్యుత్తమ ఎంపిక, ఎందుకంటే చెడగొట్టడానికి ఇందులో అవకాశమే లేదు. ఒకే నాబ్ ఉన్న వాటిలో రెండు రకాలున్నాయి. బిల్‌స్టైన్ బీ16లో ఒక్క నాబ్‌తో పది స్థాయిల్లో రీబౌండ్ (డ్యాంపర్ సాగేటప్పటి నిరోధం), కంప్రెషన్ (అణిగేటప్పటి నిరోధం) రెండూ కలిసి మారతాయి. ఓలిన్స్ రోడ్ అండ్ ట్రాక్‌లోనూ ఒక్క నాబే, కానీ దాని డ్యూయల్ ఫ్లో వాల్వు గతుకు తగిలినప్పుడు ఆయిల్‌ను రెండు దిశల్లోనూ త్వరగా వదిలి, చక్రం తిరిగి నేలకు ఆనేలా చూస్తుంది. చవక కిట్లలో చాలావాటిలో నాబ్ తిప్పితే కదిలేది చిన్న సూది వాల్వు మాత్రమే. దాని ప్రభావం ఎక్కువగా రీబౌండ్ మీదే పడుతుంది, మొదటి ఇరవై క్లిక్‌లలో పెద్దగా ఏమీ తెలియదు, చివరి నాలుగైదింటిలో అంతా ఒక్కసారిగా మారుతుంది. క్లిక్‌ల సంఖ్య చూసి కాదు, డైనోగ్రాఫ్ (డ్యాంపర్‌ను యంత్రం మీద కదిపి కొలిచిన బలాల గీతలు) చూసి కొనాలి. ప్రతి క్లిక్‌కూ గీతలు సమానమైన ఎడంతో ఉన్నాయా, ఎడమ కుడి డ్యాంపర్ల గీతలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయా అన్నది అందులో కనిపిస్తుంది.

కేడబ్ల్యూ వేరియంట్ 3 వంటి రెండు నాబ్‌ల కిట్ స్ప్రింగులు మార్చి చూసే ఓపిక ఉన్నవారికి సరిపోతుంది. మూడు, నాలుగు నాబ్‌లతో విడి రిజర్వాయరు ఉన్నవి, డేటా లాగర్ గీతలు చదవగలవారు వెంట లేకపోతే కొనకండి.

కొనేముందు ఎత్తు మార్చే పద్ధతి కూడా గమనించాలి. కొన్నింటిలో స్ప్రింగు కింది కాలర్ తిప్పితేనే ఎత్తు మారుతుంది, మరికొన్నింటిలో డ్యాంపర్ కింది బ్రాకెట్‌ను తిప్పి మొత్తం పొడవునే మార్చవచ్చు. రెండో పద్ధతిలో ఎత్తు తగ్గించినా డ్యాంపర్ లోపలి స్ట్రోక్ తగ్గదు. అయితే బంప్ స్టాప్ తగలకముందే టైరు ఫెండర్‌కు రాసుకునే వీలుంది కాబట్టి, స్ప్రింగు తీసి చక్రాన్ని జాకీతో పైదాకా ఎత్తి సరిచూడాలి. ప్రీలోడ్ (కారు బరువు పడకముందే స్ప్రింగును అణిచి ఉంచే బలం) పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. సాధారణ స్ప్రింగు రేటు ప్రీలోడ్‌తో మారదు. కారు బరువు కంటే ప్రీలోడ్ తక్కువ ఉన్నంతవరకూ మారేది ఎత్తు ఒక్కటే.

బిగించడం, సర్దుకోవడం

పని మొదలుపెట్టేముందు నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు వరకూ కొలిచి రాసుకోండి. టైరు గాలి, అరుగుదల ఈ కొలతను మార్చవు కాబట్టి నేల నుంచి కొలిచే దానికంటే ఇది నమ్మకమైనది. పై నట్టును ఇంపాక్ట్ గన్‌తో బిగించకూడదు. షాఫ్ట్ గిరగిరా తిరిగి సీల్ పాడవుతుంది. షాఫ్ట్‌ను కదలకుండా పట్టి చేతి స్పానర్‌తో బిగించి, టార్క్ రెంచ్‌తో ముగించాలి.

చాలా వర్క్‌షాపుల్లో జరిగే పొరపాటు తర్వాతి మెట్టులో ఉంది. చక్రాన్ని బాడీకి కలిపే కంట్రోల్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు లోపలా బయటా ఉన్న రెండు లోహపు గొట్టాలకూ అతికి ఉంటాయి. అవి జారవు, మెలితిరుగుతాయి. కారును లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగా బోల్టులు బిగించేస్తే, కారు నేలకు దిగగానే ప్రతి బుష్ మెలిపడిన స్థితిలో ఉండిపోయి అదనపు స్ప్రింగులా పనిచేస్తుంది, ఎత్తును తప్పుగా చూపిస్తుంది, కొన్నాళ్లకు చిరిగిపోతుంది. అందుకే ఆ బోల్టులను చేతితో తగిలించి ఉంచి, కారు బరువు చక్రాల మీద పడ్డాక లేదా ప్రతి ఆర్మ్‌నూ జాకీతో నడిచే ఎత్తుకు లేపాక మాత్రమే చివరి టార్క్ ఇవ్వాలి. ఎత్తు మరోసారి గణనీయంగా మార్చితే ఈ బోల్టులు వదులు చేసి మళ్లీ బిగించాలి.

స్ప్రింగులు కుదురుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు నడిపి, మళ్లీ కొలిచి, తర్వాతే మూలల బరువుల పని పెట్టుకోవాలి. సమతలమైన నేల మీద నాలుగు త్రాసులు పెట్టి, టైర్ల గాలి సరిచేసి, నడిపేవారి బరువును సీటులో ఉంచి, యాంటీ రోల్ బార్ (మలుపులో ఒరుగుదలను తగ్గించే కడ్డీ) లింకులు విప్పి కొలుస్తారు. ఒక మూల కాలర్ పైకి తిప్పితే ఆ మూలతో పాటు దానికి ఎదురు కర్ణపు మూల మీద కూడా బరువు పెరుగుతుంది. ముందు ఎడమ, వెనక కుడి కలిపిన బరువు మొత్తంలో సగానికి దగ్గరగా వస్తే కారు రెండు వైపులా ఒకేలా మలుపు తిరుగుతుంది. ఎడమ కుడి ఎత్తుల్లో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చినా ఫరవాలేదు, బరువే ముఖ్యం. అలైన్‌మెంట్ ఆఖరున చేయించాలి: రోడ్డు వాడకం ఎక్కువైతే ముందు క్యాంబర్ మైనస్ 1.5 నుంచి 2 డిగ్రీలు, ట్రాక్ ఎక్కువైతే మైనస్ 2.5 నుంచి 3.5, ముందు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) సున్నాకు దగ్గరగా, వెనక కొద్దిగా లోపలికి.

ఇప్పుడు నాబ్‌ల వంతు. నాబ్‌ను సవ్యదిశలో వేళ్లతో మృదువుగా చివరిదాకా తిప్పి, ఆగిన చోట బలవంతం చేయకుండా, అక్కడి నుంచి వెనక్కి క్లిక్‌లు లెక్కపెట్టాలి. కొందరు తయారీదారులు పూర్తిగా తెరిచిన స్థితి నుంచి లెక్క చెబుతారు కాబట్టి ముందు వారి పుస్తకం చూడాలి. సూచించిన విలువతో మొదలుపెట్టి, తెలిసిన ఒకే రోడ్డు మీద, ఒకే టైరు పీడనంతో, ఒకసారికి ఒకే నాబ్‌ను రెండు క్లిక్‌లు మార్చి చూడండి. పల్లం దాటాక కారు ఒకటికి రెండుసార్లు ఊగుతుంటే రీబౌండ్ పెంచాలి. చిన్న అలల వంటి రోడ్డు మీద కారు క్రమంగా కిందికి కూరుకుపోతూ, పోనుపోను కుదుపు పెరుగుతుంటే రీబౌండ్ ఎక్కువైంది: తర్వాతి గతుకు వచ్చేలోపు చక్రం తిరిగి కిందికి రాలేక సస్పెన్షన్ బంప్ స్టాప్ వరకూ అణిగిపోతోందన్నమాట. ఒక్కొక్క పదునైన గతుకుకూ కారు ఎగిరిపడుతుంటే కంప్రెషన్ తగ్గించాలి. స్లో కంప్రెషన్ అన్నప్పుడు చెప్పేది షాఫ్ట్ వేగమే గానీ కారు వేగం కాదు. బ్రేకు వేసినప్పుడు ముక్కు వంగడం, మలుపులో ఒరగడం దాని పరిధిలోకి వస్తాయి, గుంతలు రావు.

మిగిలిన ట్రావెల్ ఎంతో కళ్లతో చూడడానికి ఒక సులభ మార్గం ఉంది. షాఫ్ట్ చుట్టూ సన్నని ప్లాస్టిక్ జిప్ టై బిగించి, డ్యాంపర్ ఒంటికి ఆనేలా తోసి, మీరు మామూలుగా నడిపే వేగంతో నడిపి రండి. టై ఎక్కడిదాకా జరిగిందో, అక్కడి నుంచి బంప్ స్టాప్ ఎంత దూరంలో ఉందో కొలవండి. ప్రతిసారీ గట్టిగా బంప్ స్టాప్‌ను తాకుతుంటే కారును 5 మిల్లీమీటర్లు పైకి లేపి చూడండి, అప్పటికీ తాకుతుంటే తర్వాతి రేటు స్ప్రింగుకు వెళ్లండి. తలకిందులుగా అమర్చిన మోనోట్యూబ్ స్ట్రట్‌లలో షాఫ్ట్ లోపల ఉంటుంది కాబట్టి వాటి ముందు వైపు ఈ పద్ధతి కుదరదు.

నాబ్‌ను పూర్తిగా మూసినా కారు ఊగుతూనే ఉంటే, లేదా షాఫ్ట్ మీద ఆయిల్ తడి కనిపిస్తే, డ్యాంపర్ సర్వీసుకు వచ్చినట్టే. విప్పి బాగుచేసే వీలున్న కిట్ అయితే ఒక్క డ్యాంపర్‌నే పంపకండి. ఒకే యాక్సిల్ మీది రెండింటినీ కలిపి పంపి, తిరిగి వచ్చినప్పుడు రెండింటి డైనోగ్రాఫ్‌లూ అడిగి తీసుకోండి.